కొత్త పార్ట్ కొనేముందు పాత పీసీని అడగండి

ఇంట్లో సొంతంగా పీసీ కట్టుకున్నవాళ్ల కోసం నల్లగొండలో ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ నుంచే కాదు, అటు జడ్చర్ల నుంచి కూడా వచ్చారు. ఆదివారం పూట పనులు పక్కనబెట్టి ఇంత దూరం వచ్చినందుకు చాలా సంతోషం. ప్రశ్నలు చిట్టీల మీద రాసి ఇమ్మన్నాం కదా, అవన్నీ ఇక్కడ బల్ల మీదున్నాయి. అన్నీ చదివాను. ఎక్కువ చిట్టీల్లో ఉన్నది ఒకే ప్రశ్న. "అన్నా, పీసీ స్లో అయింది. ఏం మార్చాలె?"

ఏం మార్చాలో ఇక్కడ నిలబడి నేను చెప్పలేను. అది మీ పీసీయే చెప్పాలి. దాన్ని అడగాలి. మనం అడగం. నేరుగా సికింద్రాబాద్ పోయి, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో తిరిగి, ఐదారు వేలు పెట్టి ఏదో ఒకటి కొనుక్కొస్తాం. బిగిస్తాం. తేడా ఏమీ ఉండదు. అప్పుడు ఇంకోటి కొంటాం. ఆ డబ్బు ఎవరిది? నాన్న వడ్లు అమ్మిన డబ్బు, అమ్మ చీటీ ఎత్తిన డబ్బు. అందుకే గట్టిగా చెప్తున్నా. ముందు అడగండి, తర్వాత కొనండి.

ఎలా అడగాలి? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోటికి వెళ్లండి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, పీసీ ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. మీకు విసుగు పుట్టించే పని చేస్తున్నప్పుడే చూడాలి. డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, ప్రాసెసర్ 10, 15 శాతంలో ఉందా? అయితే ఆపుతున్నది డిస్క్. మెమరీ 90 దాటిందా? ర్యామ్ సరిపోవట్లేదు. ప్రాసెసర్ 100లో ఉందా? ఏ ప్రోగ్రామ్ తింటోందో ప్రాసెసెస్ అనే చోటికి వెళ్లి పేర్లు చూడండి. కొన్నిసార్లు అది వైరస్ స్కానో, ఒకేసారి తెరిచిన బ్రౌజర్ ట్యాబులో అయి ఉంటుంది. వాటికి కొత్త ప్రాసెసర్ ఎందుకు?

మన జిల్లాల్లో ఇప్పటికీ చాలా ఇళ్లలో, మీసేవ కేంద్రాల్లో, జిరాక్స్ షాపుల్లో నడుస్తున్నవి హెచ్61 అనే పాత చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డులు. వాటిలో ఇంటెల్ రెండో తరం, మూడో తరం ఐ3, ఐ5 ప్రాసెసర్లు. వీటిలో హార్డ్ డిస్క్ ఉంటే, ముందు చేయాల్సిన పని ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్‌ల మీదే దాచుకునే డిస్క్, వేయడం. హార్డ్ డిస్క్ సెకనుకు వంద, నూటయాభై ఎంబీ చదువుతుంది. అది కూడా వరుసగా చదివితేనే. విండోస్ వరుసగా చదవదు, వేల చిన్న ఫైళ్లను అక్కడొకటి ఇక్కడొకటి వెతుక్కుంటుంది. అక్కడే హార్డ్ డిస్క్ చతికిలపడుతుంది. "హెచ్61లో సాటా పోర్టులు పాతవి కదన్నా, ఎస్‌ఎస్‌డీ వేసి ఏం లాభం?" అని ఒక తమ్ముడు రాశాడు. మంచి ప్రశ్న. సాటా అంటే డిస్క్‌ను బోర్డుకు కలిపే దారి. నిజమే, ఆ చిప్‌సెట్‌లో ఉన్నది దాని పాత రకం, సాటా 2. కొత్త సాటాలో సెకనుకు 550 ఎంబీ దాకా వస్తుంది, సాటా 2లో దాదాపు సగమే వస్తుంది. అయినా వేయండి. మనకు కావాల్సింది ఆ పెద్ద అంకె కాదు, చిన్న ఫైళ్లు వెంటనే దొరకడం. అది సాటా 2లో కూడా దొరుకుతుంది. రెండున్నర అంగుళాల మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి చాలు. ఎడాప్టర్ పెట్టి ఎన్‌వీఎంఈ, అంటే ఇంకా వేగంగా నడిచే రకం ఎస్‌ఎస్‌డీ, బిగిద్దామనుకోకండి. ఆ పాత బోర్డుల బయోస్, అంటే పీసీ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్, దాని నుంచి విండోస్‌ను లేపలేదు.

కొత్త బోర్డులో సన్నటి ఎస్‌ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాట్ ఉన్నవాళ్లు మాత్రం బోర్డు పుస్తకం చూసుకోవాలి. కొన్ని స్లాట్లు సాటా రకమే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకుంటాయి, కొన్ని రెండూ. స్లాట్‌లో పట్టింది కాబట్టి పని చేస్తుందనుకోవద్దు.

ర్యామ్ గురించి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, మీ అందరికీ తెలుసు. కాబట్టి నిజంగా చాలట్లేదా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది. పట్టకపోతే నొక్కి పెట్టొద్దు. అంతకంటే ముఖ్యం, గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిపేవాళ్లు ఒకే 16 జీబీ బదులు రెండు 8 జీబీలు వేసుకోండి. రెండు దారుల్లో డేటా నడుస్తుంది, గేముల్లో తేడా కంటికి కనబడుతుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు వేస్తున్నారా? చాలా బోర్డుల్లో ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. వేశాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేయండి. 3200 అని కొని, దాన్ని 2400లో నడుపుతున్న పీసీలు చాలా ఉన్నాయి. డబ్బు కట్టిన స్పీడు ఎందుకు వదులుకోవాలి?

ప్రాసెసర్ అప్‌గ్రేడ్ మీద ఎక్కువసేపు తీసుకోను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తా. సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, దాని పేరు కలిస్తే సరిపోదు. ఇంటెల్ ఆరు, ఏడు తరాలదీ 1151 సాకెట్టే, ఎనిమిది, తొమ్మిది తరాలదీ 1151 సాకెట్టే. కానీ అవి ఒకదాని బోర్డులో ఇంకొకటి నడవవు. ఏఎండీ ఏఎం4 సాకెట్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, మొదటి రైజెన్ బోర్డుల్లో చాలావాటికి 5000 సిరీస్ ప్రాసెసర్ వేసుకోవచ్చు. అయితే పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. కొత్తది పెట్టాక చేద్దామంటే స్క్రీనే రాదు. ఆ అప్‌డేట్ యూపీఎస్ మీదే చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే కార్డు గురించి అడిగిన చిట్టీలు బోలెడున్నాయి కానీ, ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా, దాని గురించి అడిగినది ఒక్కటీ లేదు. ఒక్కటి కూడా లేదు!

క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది కదా, దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని చదవొద్దు. పక్కన చిన్న పట్టిక ఉంటుంది, అది చదవండి. అందులో 12 వోల్టుల గడి ఉంటుంది, దాని కింద ఆంపియర్లు ఉంటాయి. 18 అని ఉందనుకోండి. 12ను 18తో గుణించండి. ఎంత? 216. అంటే మీ ప్రాసెసర్‌కీ, కార్డుకీ కలిపి అది ఇస్తానంటున్నది 216 వాట్లే. 450 ఎక్కడికి పోయింది? ఇప్పటి పీసీలకు అంతగా అవసరం లేని 5 వోల్టులు, 3.3 వోల్టుల దగ్గర రాసిన అంకెలన్నీ కలిపేసి, పైన పెద్ద అంకె వేశారు. మంచి ఎస్‌ఎంపీఎస్‌లో 450 అంటే దాదాపు అంతా 12 వోల్టుల మీదే దొరుకుతుంది. ఇంటికి వెళ్లగానే చూడండి, ప్రతి ఒక్కరూ చూడండి.

కార్డుకు స్లాట్ నుంచి వచ్చే కరెంటు గరిష్ఠంగా 75 వాట్లు. అందుకే జీటీఎక్స్ 1650లో కొన్ని కార్డులకు విడిగా వైరు పెట్టక్కర్లేదు. అంతకంటే పెద్ద కార్డులకు ఆరు పిన్నుల వైరు ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తుంది. మీ ఎస్‌ఎంపీఎస్‌కు ఆ వైరే లేకపోతే, కన్వర్టర్ పెట్టి లాగించొద్దు. ఆ వైరు లేదంటే, అంత కార్డును మోసే బలం దానికి లేదని తయారుచేసినవాడే చెప్తున్నట్టు. గేమ్ మొదలైన పది నిమిషాలకు పీసీ టప్పున ఆగిపోతే, చాలామంది కార్డు పాడైందని దాన్ని తీసుకుని షాపుకు పోతారు. ముందు ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి. తెలిసినవాళ్ల దగ్గర మంచిది ఒకటి ఒక పూటకు అడిగి పెట్టి చూడండి. ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది దోషమో ఎప్పటికీ తెలియదు. ఇంకో మాట, ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. వైరు పీకేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

సరే, ఇప్పుడు చేతులెత్తండి. ఇంట్లో క్యాబినెట్ వెనక ముట్టుకుంటే జుమ్మని గుంజేది ఎవరెవరికి? చూడండి, సగం హాలు చేతులెత్తింది. "అది మామూలేనన్నా" అంటున్నారు అటు పక్క. మామూలు కాదు తమ్ముడూ. అది మామూలు అయిపోయింది, అంతే.

ఎందుకు గుంజుతుందో చెప్తాను. దాదాపు ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు ప్రవేశించే చోట రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. లైన్‌లో వచ్చే అలజడిని ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే ఆ కరెంటుకు పోయే దారి లేదు. అప్పుడు క్యాబినెట్ రేకు మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలబడుతుంది. కరెంటు చాలా కొద్దిది కాబట్టి జుమ్మంటుంది, టెస్టర్ పెడితే లైటు వెలుగుతుంది. మరి అదే స్థితిలో పీసీ నడుస్తుండగా మీరు హెచ్‌డీఎంఐ వైరు తీసుకుని టీవీకి గుచ్చారనుకోండి. ఆ వోల్టేజి ఆ వైరు గుండా దారి వెతుక్కుంటుంది. పోర్టు మాడిపోతుంది. పెన్‌డ్రైవ్‌లు, హెడ్‌ఫోన్లు పోవడానికి కూడా ఇదొక కారణం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఎప్పుడైనా వైరు తెగి రేకుకు తగిలితే? అప్పుడు వచ్చేది జుమ్మనే షాక్ కాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటారు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఏం చేయాలి? త్రీ పిన్ ప్లగ్గు పైపిన్ను విరగ్గొట్టి టూ పిన్‌లో పెట్టే అలవాటు మానాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంత వస్తుందో మీటర్‌తో చూపించమనండి. 230కి దగ్గర్లో రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించి ఉంటే కారణం వెతకమనండి. కొన్ని ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి, వెనక ఎర్త్ వైరే ఉండదు. ఇంకొన్ని ఇళ్లలో వైరుంటుంది, గుంత ఎండిపోయి ఉంటుంది. మన నేల చల్కా, మొరం. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎర్త్ గుంతలో తడి అన్నది ఉండదు. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన గుంతైనా సరే, ఎండాకాలంలో వారానికి ఒకటి రెండు బిందెల నీళ్లు పోయండి. మీ పీసీకి ఇంతకంటే చవకైన అప్‌గ్రేడ్ లేదు.

ఉరుములు మెరుపుల గురించి హాలియా నుంచి వచ్చిన అక్క అడిగారు. ఉరిమిన ప్రతిసారీ బోర్డులో నెట్ పోర్టు పోతోందట. అక్కా, మీరు కరెంటు ప్లగ్గు పీకుతున్నారు, నెట్ వైరు వదిలేస్తున్నారు. ఊళ్లలో ఆ వైరు స్తంభాల మీదుగా, డాబాల మీదుగా వస్తుంది. ఇంటిదాకా వచ్చేది రాగి తీగ అయితే పిడుగు ఎక్కడో పడ్డా దాని ప్రభావం ఆ తీగలో నడిచి వస్తుంది. మబ్బు పట్టిందంటే రెండూ పీకండి. ఫైబర్ ఇంటి లోపలిదాకా వేయించుకోగలిగితే ఇంకా మంచిది, గాజు తీగలో కరెంటు నడవదు. పోయిన పోర్టుకు బోర్డు మార్చక్కర్లేదు, యూఎస్‌బీ నుంచి నెట్ ఇచ్చే చిన్న ఎడాప్టర్ దొరుకుతుంది.

యూపీఎస్ మీద 600 వీఏ అని ఉంటే అది సాధారణంగా 360 వాట్లే. పెద్ద కార్డు పెట్టి గేమ్ ఆడుతుంటే కరెంటు పోగానే అదీ పోతుంది. అది యూపీఎస్ తప్పు కాదు.

ఇప్పుడు రెండో పెద్ద ప్రశ్న. "ఫ్యాన్లు తిరుగుతున్నయి, స్క్రీన్ నల్లగనే ఉంటుంది." వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

మొదట, మానిటర్ వైరు ఎక్కడ పెట్టారు? కార్డు ఉన్నప్పుడు కార్డుకు పెట్టాలి, బోర్డుకు కాదు. కార్డు తీసేసి పరీక్షిస్తున్నారా? ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దానిలో గ్రాఫిక్స్ లేదు, కార్డు లేకుండా ఎన్నేళ్లు చూసినా స్క్రీన్ రాదు. రైజెన్ 5000 దాకా డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో జీ అని ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంటుంది. రెండోది, ప్రాసెసర్ పక్కన నాలుగు లేదా ఎనిమిది పిన్నుల వైరు ఉంటుంది. అది పెట్టడం మర్చిపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, మిగతాదేదీ లేవదు. కొత్తగా కట్టినవాళ్లు ముందు ఇదే చూడాలి.

ఆ తర్వాత ర్యామ్. ప్లగ్గు పీకండి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. ర్యామ్ తీయండి. బంగారు రంగు పళ్లను పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్దండి, రాలిన పొడిని తడిలేని బ్రష్‌తో దులపండి. ఒక్క ర్యామ్ మాత్రమే పెట్టి, రెండు చెవులూ క్లిక్‌మనేదాకా నొక్కండి. రాకపోతే స్లాట్ మార్చండి, తర్వాత ర్యామ్ మార్చండి. చాలా పీసీలు ఇక్కడే లేచి కూర్చుంటాయి. లేవకపోతే బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032 అంటారు, దాన్ని ఐదు నిమిషాలు తీసి పెట్టండి, బయోస్ మొదటికొస్తుంది. పీసీలో టైమ్ రోజూ వెనక్కి పోతున్నవాళ్లు ఆ బ్యాటరీ మార్చుకుంటే చాలు. తేదీ తప్పైతే బ్యాంకు వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు, నెట్ పాడైందనుకుని టెన్షన్ పడతారు. కొత్త బోర్డుల్లో సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. సీపీయూ అంటే ప్రాసెసర్, డ్రామ్ అంటే ర్యామ్, వీజీఏ అంటే గ్రాఫిక్స్ కార్డు, బూట్ అంటే విండోస్ ఉన్న డిస్క్. ఏది వెలిగి ఆగిపోయిందో అక్కడ వెతకండి. డీడీఆర్5తో ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5 పీసీ కట్టినవాళ్లు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి. అది ర్యామ్‌ను పరీక్షించుకుంటూ ఉంటుంది, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆపొద్దు.

అసలు ఫ్యాన్లే తిరగకపోతే? బటన్ పాడై ఉండొచ్చు. ముందు ప్యానెల్ నుంచి బోర్డుకు వచ్చే సన్నటి వైర్లలో పవర్ స్విచ్ అని రాసి ఉన్నది పీకి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. పీసీ లేచిందా? మీకు కావాల్సింది బటన్ మాత్రమే, ఎస్‌ఎంపీఎస్ కాదు.

"వాడుతుంటే వాడుతుంటే ఆగిపోతోంది" అన్నవాళ్లకు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, కెర్నల్ పవర్ 41 అని చూసి, ఎస్‌ఎంపీఎస్ పోయిందని నిర్ణయించుకుంటారు. ఆ 41 చెప్పేది పీసీ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. కారణం చెప్పదు. వేడి కావచ్చు, ర్యామ్ కావచ్చు, కరెంటు కావచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ పెట్టి ఉష్ణోగ్రత చూడండి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే ఆగిపోతాయి. ఏ పనీ లేనప్పుడే 75, 80 చూపిస్తోందంటే ప్రాసెసర్ మీది కూలర్ సరిగ్గా ఆనలేదు. ఇంటెల్ పెట్టెలో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి, ఒక్క కాలు లేచినా ఇదే పరిస్థితి. వేలితో ఒక్కో మూల కదిపి చూడండి.

మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? గదిలో 42 ఉంటే, ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను 42 కంటే కిందికి తేలేదు. చలికాలంలో 70లో నడిచింది మేలో 90కి చేరుతుంది. కంప్యూటర్ బల్ల కింద అరలో మూసి పెట్టొద్దు. ఎయిర్ కూలర్ తడిగాలి నేరుగా క్యాబినెట్‌కు కొట్టేలా పెట్టొద్దు. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లకు ఊక దుమ్ము హీట్‌సింక్, అంటే కూలర్ కింది లోహపు దిమ్మె, దాని రెక్కల మధ్య దూది పరుపులా పేరుకుంటుంది, పైనుంచి చూస్తే కనబడదు. ఫ్యాన్ విప్పితేనే కనబడుతుంది. క్యాబినెట్‌ను ఆరుబయటికి తెచ్చి, బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, గాలికి గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది.

కూలర్ తీసినప్పుడు దానికీ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే పాత పేస్టు తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టాలి. ఏఎం4 వాళ్లకు ఒక హెచ్చరిక. కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగితే పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు పీసీని కాసేపు నడిపి పేస్టు వేడెక్కనివ్వండి. ఆపి, ప్లగ్గు పీకి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి.

విండోస్ 11 గురించి కొందరు అడిగారు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. "మీ పీసీ పనికిరాదు" అని మెసేజ్ వస్తే వెంటనే నమ్మకండి. ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 నుంచి దాదాపు అన్నీ పనికొస్తాయి. విండోస్ 11కు టీపీఎం అనే భద్రతా భాగం కావాలి, ఇంట్లో కట్టిన పీసీల్లో అది బయోస్‌లో ఆఫ్‌లో ఉండటం మామూలు. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేయండి. పాత పద్ధతిలో లెగసీ బూట్‌తో విండోస్ వేసి ఉంటే, డిస్క్‌ను జీపీటీ అనే కొత్త అమరికకు మార్చి, ఆ తర్వాతే బయోస్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతికి మార్చాలి. ముందే బయోస్ మార్చేస్తే ఉన్న విండోస్ కూడా లేవదు. మూడో, నాలుగో తరం వాళ్లు బలవంతంగా 11 ఎక్కించే బదులు విండోస్ స్థానంలో నడిచే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ వేసి చూడండి. పిల్లల చదువుకు, బ్రౌజింగ్‌కు అది హాయిగా సరిపోతుంది.

ఆఖరి చిట్టీ. "పాత హార్డ్ డిస్క్ టక్ టక్ అంటోంది, ఎస్‌ఎస్‌డీ వేశాక దాన్ని ఫోటోలకు వాడుకోవచ్చా?" తమ్ముడూ, వాడొద్దు. టక్ టక్ అంటోందంటే లోపల హెడ్ చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. శబ్దం లేనివాళ్లు కూడా డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసి చూసుకోండి. నీలం రంగులో గుడ్ అని ఉంటే ప్రస్తుతానికి పర్వాలేదు. పసుపు రంగులో కాషన్ అని వస్తే, డిస్క్‌లో పాడైన చోట్ల లెక్క చెప్పే రీఎలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే వరుసలు చూసి, వారం తర్వాత మళ్లీ చూడండి. అంకె పెరుగుతోందంటే అది పోతోంది. కానీ ఆ వారం ఆగేముందే కాపీ తీసుకోవాలి. మీది శబ్దమే వస్తోంది కాబట్టి దాని మీద స్కాన్‌లు, డీఫ్రాగ్‌లు ఏవీ నడపకండి, ఒక్కొక్కటీ దాని ఆయుష్షు తగ్గిస్తుంది. ముందు పెళ్లి ఫోటోలు, పాస్‌బుక్ కాపీలు, పిల్లల సర్టిఫికెట్లు, ఆ వరుసలో తీయండి. సినిమాలు చివర్లో. ఒకచోట కాదు, రెండు చోట్ల పెట్టండి. ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది, అయినా ఇవాళే మొదలుపెట్టండి.